అవతలి గట్టుకి ఏడు మాటలు

హలో… ఆ, నేనే అక్కా. నేనే, నేనే. నిక్షేపంలా ఉన్నాను. ముందు నువ్వు ఊపిరి తీసుకో.

…

ఎవరు ఎవర్ని వదిలేశారు?

…

మా ఆయనా? నన్నా? బస్సులోనా?

… ఆగు… ఒక్క నిమిషం నవ్వనీ…

ఏడవట్లేదే, నవ్వుతున్నాను! రెండూ ఒకేలా వినపడితే నేనేం చెయ్యను?

నీకెవరు చెప్పారు?… మందుల షాపాయనా. ఆయనకి?… డ్రైవరు తమ్ముడు. బాగుంది. పొద్దున తొమ్మిదిన్నరకి జరిగిన ముచ్చట రెండున్నరకల్లా మీ వీధి చేరిపోయింది. దారిలో ఎన్ని కాళ్ళూ చేతులూ మొలిచాయో దానికి.

అది సరే… ఆ నీళ్ళ చప్పుడేమిటి? ఎక్కడి నుంచి మాట్లాడుతున్నావు?

…

బాత్రూములోనా. పంపు విప్పి పెట్టి. మీ అత్తగారికి వినపడకుండా… సరే. సరే, నేనేమీ అనలేదు.

చెప్తాను విను. అడ్డు రాకు.

ఇవాళ ఆరో రోజు కదా, ఆరో స్టాపు… అదేనే, నీకు చెప్పానుగా. ఆరేళ్ళుగా మా ఆయన అదే రూట్లో కండక్టరు. రోజూ ఏడు ఊళ్ళ పేర్లు గొంతు చించుకుని అరుస్తాడు గానీ, ఒక్క ఊళ్ళోనూ దిగి నాలుగడుగులు వేసిన పాపాన పోలేదు. అందుకే పెళ్ళి సెలవులో మిగిలిన ఏడు రోజులూ, రోజుకో ఊరు. పొద్దున వెళ్ళడం, సాయంత్రానికి ఇంటికొచ్చి మా దుప్పటి మేం కప్పుకోవడం.

…

తెలుసు. నువ్వు చూపించిన హోటలు ఫొటోలు చూశాను. చాలా బాగుంది. పరుపు మీద తువ్వాలుని హంసలా మడిచి పెట్టారు. నాకా హంసని చూస్తే భయమేసింది.

…

ఇటుకల బట్టీ చూడ్డానికి వెళ్ళామా? వెళ్ళాం! మొదటిరోజే వెళ్ళాం. దాని పొగగొట్టం ఎక్కడానికి మెట్లున్నాయి. పైనుంచి చూస్తే మా ఇంటి మేడ మీద నేను ఆరేసిన పచ్చ చీర కనిపించిందక్కా! అంత దూరం నుంచి! నా చీర నాకే చెయ్యి ఊపినట్టు అనిపించింది.

రెండోరోజు జలపాతం. బోర్డు మీద అలాగే రాసుంది. వానాకాలంలో మన చూరు నుంచి పడే ధార ఉంటుందే, దానికి పెద్దన్నయ్య. అంతే. అయినా దానికో గేటు ఉంది, గైడు ఉన్నాడు, ఆ గైడుకి ఒక గొడుగు ఉంది. తుంపర పడకుండా. తుంపర ఎక్కడా లేదు. కానీ ఆయన ఎంత శ్రద్ధగా గొడుగు పట్టాడో తెలుసా, నేను కూడా తడిసిపోతానేమోనని పైట కప్పుకున్నాను.

మూడోరోజు తాళాల మ్యూజియం. మ్యూజియమంటే ఒక ముసలి తాళాలాయన ముందుగది. మూడొందల తాళాలు తెరిచి చూపించాడు. ఒక్కటి మాత్రం ఆయనకే తెరుచుకోదట. నలభై ఏళ్ళుగా రోజూ మధ్యాహ్నం దానితో కాసేపు కుస్తీ పడతాడు. మా ఆయన కూడా…

…

వస్తున్నా, వస్తున్నా. బస్సు సంగతికే వస్తున్నా. నీకు తొందరెక్కువ.

ఆరో స్టాపు ఏటికి ఆ గట్టున. ఏడోది, అంటే చివరిది, ఈ గట్టున. మధ్యలో వంతెన. మేం ఆ గట్టున దిగాలి. బస్సు ఆగింది. ఆయన ముందు దిగాడు. సంచీ తీసుకుని వెనకాలే నేను. ఇంతలో ఒకావిడ పెద్ద గంపతో అడ్డం వచ్చింది, ఆగాను. ఆయనేమో కింద నిలబడి, అలవాటు కొద్దీ… బస్సు పక్కన టపటపా రెండు దెబ్బలేసి, "రైట్ రైట్" అన్నాడు.

… ఆఁ! డ్రైవరు పోనిచ్చేశాడు!

డ్యూటీలో ఉన్న కండక్టరేమో వెనక సీట్లో టికెట్లు కొడుతూ, 'నేనెప్పుడు చెప్పాను రైటు' అని తెల్లమొహం. నేను లోపల. మా ఆయన రోడ్డు మీద. అద్దంలోంచి చూస్తే, ఆయన తన చేతికేసి అలా చూసుకుంటున్నాడు, చెయ్యే తప్పు చేసినట్టు.

… నవ్వావా? నవ్వావు! నాకు వినపడింది. లేదంటే ఊరుకుంటానా?

…

వెనక్కి నడిచి వెళ్ళచ్చు కదా అంటే, అదే కదా విశేషం. వంతెన మూసేశారు. మా బస్సే ఆఖరుది. ఇవాళ ఇక్కడ కేకల సంబరం. ఏడాదికి ఒక్కరోజు, సాయంత్రం అయిదింటి దాకా, ఈ రెండు గట్ల వాళ్ళూ వంతెన లేదనుకుంటారు. అలా నిలబడి ఉన్న వంతెనని, ఇంత లావు స్తంభాల వంతెనని, లేదనుకుంటారక్కా! దానివైపు ఎవరూ చూడరు కూడా. నేను వేలు పెట్టి చూపిస్తే ఇక్కడి పిల్లలు "ఏదీ, ఎక్కడుందీ?" అని నన్నే ఆటపట్టించారు.

…

ఎందుకంటే, వంతెన రాకముందు ఆ గట్టున నిలబడి ఈ గట్టున ఉన్న పడవవాణ్ణి కేకేసి పిలవాలి. ఎంతమంది ఉన్నారో, వెంట ఏమున్నాయో, అంతా కేకలోనే చెప్పాలి. ఇప్పుడు పడవలు లేవు గానీ పోటీ ఉంది. ఆ గట్టు నుంచి ఒకళ్ళు కేక వెయ్యాలి. ఈ గట్టున వాళ్ళ మనిషి విని, పలక మీద రాసి ఎత్తి చూపించాలి. ఆ గట్టున ఒకాయన దుర్భిణి పెట్టి చదువుతాడు. సరిపోతే కేకేసేవాళ్ళు పదడుగులు వెనక్కి. ఇంకో కేక.

…

నా చేతిలో ఏముందంటావా? పలక. సుద్దముక్క కూడా.

… మరి! అందుకేగా చెప్పేది. చివరి స్టాపులో దిగి ఏం చెయ్యాలో తెలియక నిలబడితే, ఇక్కడి బడి మాస్టారు వచ్చి, "మీ మనిషి అవతల ఉన్నాడామ్మా?" అన్నారు. "ఉన్నాడండీ" అన్నాను. "పేరు రాయమంటారా?" అన్నారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రాయమన్నాను. మాస్టారు అటువైపు వాళ్ళకి ఫోను చేసి చెప్పేశారు.

…

ఆయన్ని అడగలేదు. ఎలా అడుగుతాను? ఆయన ఫోను నా సంచిలోనే ఉంది. పొద్దుట్నుంచి నువ్వు ఆయనకి చేసిన పదకొండు ఫోన్లూ నా సంచిలోనే మోగి ఉంటాయి. ఈ గోలలో నాకే వినపడలేదు.

…

నాలుగింటికి. గుర్తుంది.

… గుర్తుందని చెప్తున్నాగా. బావ ఆఫీసు. మా ఆయన పెద్దసారుని కలవాలి. రికార్డుల గదిలో ఉద్యోగం. ఫ్యాను కింద కుర్చీ. కారు ఎక్కడుంది?… ఆ గట్టునే ఉందా. బస్టాండు దగ్గర. మంచిది. డ్రైవర్ని కిందికి దిగి కాసేపు పోటీ చూడమను.

…

నేను పంపించను.

…

ఆపను కూడా! వెళ్ళాలనుకుంటే ఆయన వెళ్తాడు. కారు నలభై అడుగుల్లో ఉంది, నాలుగింటి సంగతి ఆయనకి తెలుసు. నువ్వు నిన్న ఆయనతోనే చెప్పావు కదా. "అలాగేనండీ వదినగారూ" అన్నాడు కదా. ఎలా అన్నాడో గుర్తుందా నీకు? నాకు పక్క గదిలోంచి వినపడలేదు. ఆయన గొంతు! పక్క గదిలోకి వినపడలేదు!

…

డిపోలో ఆయన్ని ఏమని పిలుస్తారో తెలుసా? మైకు. "మైకు డ్యూటీలో ఉన్నాడా?" అని అడిగి మరీ బస్సెక్కుతారు ముసలివాళ్ళు. చూపు ఆననివాళ్ళు ఆయన గొంతు పట్టుకుని దిగుతారక్కా. నేనూ ఆ గొంతు పట్టుకునే దిగాను కాలేజీకి రెండేళ్ళు. పుస్తకంలో తల దూర్చి కూచుంటే, నా స్టాపు రాగానే నాకు మాత్రమే తెలిసేట్టు చివరి అక్షరం కాస్త సాగదీసేవాడు.

… చెప్పలేదు. అన్నీ చెప్తారా ఏంటి!

ఇప్పుడు ఇంట్లో ఎలా మాట్లాడతాడో తెలుసా? ఆసుపత్రి వరండాలో మాట్లాడినట్టు. ఉప్పు అడగాలన్నా నా దగ్గరిదాకా వచ్చి అడుగుతాడు. ఎప్పట్నుంచో చెప్పమంటావా?

…

చెప్పొద్దా. అయినా చెప్తాను. పెళ్ళిరోజు నుంచి. భోజనాల హాలు గుమ్మంలో అందరూ కుక్కుకుని నిలబడితే ఆయన ఏమన్నాడు? "లోపల ఖాళీ ఉంది, ముందుకు జరగండి" అన్నాడు. అంతేగా. మూడు నిమిషాల్లో రెండొందల మంది బంతిలో కూర్చున్నారు! మేనమామ చప్పట్లు కొట్టాడు. మీ అత్తగారు చెవి మీద చెయ్యి పెట్టుకుంది. నువ్వు ఆయన పక్కకొచ్చి, "ఇది బస్సు కాదండీ, కాస్త గొంతు తగ్గించండి" అన్నావు.

…

మెల్లగానే అన్నావు. అదే. మెల్లగా అన్నవే లోపలికి దిగుతాయి.

…

తప్పుపట్టడం లేదు. సరే, పడుతున్నాను. కొంచెం.

ఆగు… ఆగక్కా, మాస్టారు ఈల వేశారు. చేపలావిడ వంతు… ఒక్క నిమిషం…

… అమ్మబాబోయ్! విన్నావా? ఫోన్లోకి కూడా వచ్చిందా? నిరుటి విజేత. మూడేళ్ళుగా ఆవిడే గెలుస్తోంది. గెలిచినవాళ్ళకి తెడ్డు ఇస్తారు. ఆవిడింట్లో మూడు తెడ్లున్నాయట, పడవ మాత్రం లేదు. వాళ్ళాయన ఇదిగో నా పక్కనే ఉన్నాడు. చెవిలో దూది పెట్టుకుని రాస్తున్నాడు పలక మీద. దూది పెట్టుకుని!

…

ఇప్పటికి ఇద్దరే మిగిలారు. చేపలావిడ, మా ఆయన.

… ఆఁ, నిజంగానే. నువ్వేమనుకున్నావు?

మొదటి కేక అయితే నా ప్రాణం పోయింది. "ముగ్గురం, ఒక మేక, వాన వచ్చేలా ఉంది" అనాలని చీటీ ఇచ్చారట. ఆయన నలుగురిలో ముద్దు అడిగినట్టు అన్నాడు. నేను గట్టు మీద ముందుకి వంగి, సగం నీళ్ళలోకి వేలాడి విన్నాను. మాస్టారు నా కొంగు పట్టుకున్నారు. రెండో కేక కాస్త నయం. మూడోది, "డాక్టర్ని తీసుకురా, బిడ్డకి జ్వరం". దానికి మాత్రం… ఏమో అక్కా, ఆ మాటకి మెల్లగా అరవడం ఎవరివల్లా కాదనుకుంటా. నీళ్ళ మీద కొంగలు లేచిపోయాయి.

…

పరువా? ఎవరి పరువు?

… ఎవరైనా చూస్తే చూడనీ! నాలుగొందల మంది చూస్తున్నారు. పెళ్ళికి రానివాళ్ళని కూడా పిలుచుకురా. పెళ్ళైన కొత్తలో ఎక్కడికి తీసుకెళ్ళాడని మీ పక్కింటావిడ అడిగితే, కేకలు వేసే ఊరికి తీసుకెళ్ళాడని చెప్పు. సగం దూరం ఒంటరిగా పంపించాడని కూడా చెప్పు. నేనేమీ అనుకోను.

…

లేదు. రేపు రికార్డుల గదిలో కూర్చునే ఉద్యోగమైనా, మహారాజు గదిలో కూర్చునేదైనా, ఆయనకి ఇష్టమై వెళ్తే నేనే చొక్కా ఇస్త్రీ చేసి పంపిస్తాను. నీకు కోపం వస్తుందని, నీ ముందు తన గొంతు తనకే సిగ్గని వెళ్తే మాత్రం… ఆ చొక్కా నేనే నీళ్ళలో పడేస్తాను. ఏరు దగ్గర్లోనే ఉంది.

…

బెదిరించడం లేదు. ఏరు నిజంగానే దగ్గర్లో ఉంది.

…

నా మంచి కోసమేనని తెలుసక్కా. నీ గాజులు నాకు తొడిగావు పెళ్ళికి. మరిచిపోయే మనిషినా నేను? కానీ ఒకటి అడుగుతాను, చెప్పు. చిన్నప్పుడు సాయంత్రం అయితే నన్ను ఇంటికి ఎలా పిలిచేదానివి?

…

మేడ మీద నిలబడి. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని. మూడు వీధుల అవతల నేను గోలీలాడుతుంటే నీ కేక వచ్చి నా జడ పట్టుకుని లాక్కెళ్ళేది. దర్జీ తాత తన గడియారం నీ కేకతో సరిచేసుకునేవాడు! ఆ గొంతు ఏమైందక్కా? నాకు ఫోను చెయ్యాలన్నా ఇప్పుడు పంపు విప్పుకోవాలి.

…

…

అక్కా?

… ఉన్నావా. నీళ్ళు పోతూనే ఉన్నాయి, వినపడుతోంది.

సారీ చెప్పను. చెప్తే అబద్ధమవుతుంది.

… ఉండు. ఈల. మాస్టారు మూడు వేళ్ళు చూపిస్తున్నారు… మూడు నిమిషాలు. చివరి కేక. దీనికి చీటీ ఉండదట. ఎవరి మాట వాళ్ళదే. ఏమైనా అనచ్చు, ఏడు మాటలు దాటకూడదు, అంతే. చేపలావిడ అయిపోయింది. వాళ్ళాయన పలక మీద… "పులుసుకి మూత పెట్టావా లేదా ముందు అది చెప్పు"… ఆ, సరిగ్గా ఏడు! ఈ గట్టంతా పడీ పడీ నవ్వుతోంది. ఆయన దూది తీసి, "పెట్టలేదు" అని నాతో అంటున్నాడు. ఆవిడతో చెప్పే ధైర్యం లేదు పాపం.

మా ఆయన వస్తున్నాడు. ఇంకా వెనక్కి… ఇంకా… అదిగో, అంత దూరంలో. నీలం చొక్కా. చిటికెన వేలంత కూడా లేడు ఇక్కణ్ణుంచి చూస్తే… చెయ్యి నుదుటి మీద పెట్టుకుని నా వైపు చూస్తున్నాడు.

చూశాడు. ఫోను చెవి దగ్గర ఉండడం చూశాడు. నువ్వేనని అర్థమైపోయి ఉంటుంది. మూడు కావస్తోంది కదా.

…

లేదక్కా, ఆయన వెనక… ఆఁ, కనిపిస్తోంది. తెల్లకారు. మీదే. డ్రైవరు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.

… అటు తిరిగాడు. కారు వైపు చూస్తున్నాడు.

…

నువ్వూ మాట్లాడకు. నేనూ మాట్లాడను. ఆయన్నే చెప్పనీ.

అక్కా, ఒక్క పని చెయ్యి. పంపు కట్టెయ్యి.

… కట్టెయ్యవే. ఆ చప్పుడుకి నాకు వినపడదు. ఒక్క నిమిషం. ఇన్నేళ్ళకి ఒక్క నిమిషం.

…

… కట్టేశావా.

ఎంత నిశ్శబ్దంగా ఉందో. నీ ఊపిరి వినపడుతోంది.

ఫోను నీళ్ళ వైపు పెడుతున్నా. విను.

…

…

వచ్చింది! ఆగు, రాసుకోనీ, ఆగు… 'వదినగారికి'… ఒకటి. 'చెప్పు'… రెండు… సుద్ద విరిగింది, ఛీ… 'నేను'… 'బస్సు'…

… 'దిగను'.

అయిదు. ఇంకా ఉన్నాయి, ఇంకా… 'సీటుంది'… 'రమ్మను'.

ఏడు! ఏడే! "వదినగారికి చెప్పు, నేను బస్సు దిగను, సీటుంది, రమ్మను." విన్నావా? నేను చదవక్కర్లేదు కదా? అంత దూరం నుంచి, ఒక్క అక్షరం కూడా అరగలేదు! చివరి అక్షరం… చివరి అక్షరం సాగదీశాడక్కా…

… ఏడవట్లేదు. అయినా ఏడిస్తే నీకేం.

కారు డ్రైవరు తలుపు వేసేశాడు. మా ఆయనతో చెయ్యి కలుపుతున్నాడు, చూడు! నువ్వు పంపిన డ్రైవరే!

…

ఏమన్నావ్? వినపడలేదు.

… అబ్బా! చెవి పోయింది!

… తిడుతున్నావా? నన్నా, ఆయన్నా?… ఇద్దర్నీనా. తిట్టు. తలపొగరా? అవును, తలపొగరే. ఇంకా? … ఇంకొంచెం గట్టిగా! పంపు కట్టేసి ఉంది, మీ అత్తగారికి వినపడుతుంది మరి… వినపడనీ అంటున్నావా?

హబ్బ… మేడ మీద గొంతు. అదే, అదే.

మాస్టారూ, వస్తున్నానండీ!… మా అక్కండీ. అవునండీ, ఫోన్లోంచేనండీ… అక్కా, మాస్టారు నిన్ను వచ్చే ఏడు పోటీకి పేరు ఇమ్మంటున్నారు.

… తిట్టావని మాస్టారికి చెప్తాను. రేపు ఏడోరోజు. ఈ గట్టు ఎలాగూ పొరపాటున చూసేశాను, మళ్ళీ సరిగ్గా చూద్దామని. తొమ్మిదింటి బస్సు, మీ వీధి చివరే ఆగుతుంది. నువ్వు రాకపోయినా మేం వెళ్తాం. వస్తే కిటికీ పక్క సీటు నాది, ముందే చెప్తున్నా.

ఇదిగో, పలక ఎత్తాలి. రెండు చేతులూ కావాలి. నిన్ను గట్టు మీద కూర్చోబెడుతున్నాను, ఏటివైపు. పెట్టెయ్యకు.

తిడుతూనే ఉండు.